టీచరు రాని రోజు - బొమ్మల పెట్టె



మీ ఊళ్ళో బడి ఉంది. మీ పిల్లలు రోజూ బడికి పోతున్నారు. బడిలో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు ఉన్నాయి. టీచర్లు ఎంతమంది? చాలా ఊళ్ళల్లో ఇద్దరే. కొన్ని ఊళ్ళల్లో ఒక్కరే. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని ఆ చట్టం చెబుతుంది.

టీచరు కూడా మనిషే కదా! ఆమెకూ జ్వరం వస్తుంది. కాన్పు వస్తుంది. ట్రైనింగుకు పిలుస్తారు. మండలంలో మీటింగు ఉంటుంది. మరి ఆ రోజు బడిలో ఏం జరుగుతుంది?

మిగిలిన ఒక్క టీచరు పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెడతారు. పెద్దపిల్లలకు భాగహారం చెబుతుంటారు. చిన్నపిల్లలకు అది అర్థం కాదు. వాళ్ళు గోల చేస్తారు. తన్నుకుంటారు. ఒకరిద్దరు ఇంటికి పారిపోతారు.

మొదటి రోజు మనం పట్టించుకోం. రెండో రోజు "బడిలో ఏం చెప్పటం లేదంట" అనుకుంటాం. మూడో రోజు పిల్లల్ని ఇంట్లోనే ఉంచేస్తాం. మగపిల్లాడు వీధిలో ఆడుకుంటాడు. ఆడపిల్ల చంకలోకి చంటిబిడ్డ చేరుతుంది. లేదంటే ఆ పిల్ల మన వెంట పత్తి చేలోకి వస్తుంది. టీచరు తిరిగి వచ్చాక కూడా ఆ పిల్ల బడికి పోదు. "ఇంట్లో పనికి సాయంగా ఉంది" అంటాం.

మనలో ఎంతమంది చదువు ఇలా ఆగిపోయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

అందుకే టీచరు రాని రోజున కూడా చిన్నపిల్లల గదిలో పని ఆగకూడదు. దానికి ఒక దారి ఉంది. టీచరు ముందుగానే ఒక పెట్టె సిద్ధం చేసి పెట్టాలి. ఊళ్ళో ఒక తల్లి ఆ పెట్టె తెరిచి పిల్లలతో కూర్చోవాలి. దాన్ని మనం "బొమ్మల పెట్టె" అందాం.

నేను టీచరు ట్రైనింగు చదివాను. మా ఊరి బడిలో వాలంటీరుగా చెబుతున్నాను. ఈ పాఠంలో ఆ పెట్టె ఎలా తయారు చేయాలో, ఎలా వాడాలో చెబుతాను.

నాకేం వచ్చని?

ఈ మాట చెప్పగానే మీకు ఒక భయం పుడుతుంది. ఈ మాటలు చదవండి.

పిన్ని: టీచరమ్మా, నాకు నాలుగు అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు. నేను బడిలో పాఠం చెప్పేదేమిటి? నలుగురూ నవ్విపోతారు.

టీచరు: పిన్నీ, మీరు సంక్రాంతికి ముగ్గు వేస్తారు కదా? ఎన్ని చుక్కలు?

పిన్ని: పదిహేను చుక్కలు పెట్టి ఎనిమిది దాకా తెస్తాను.

టీచరు: ఒక్క చుక్క తప్పితే?

పిన్ని: ముగ్గు కలవదు. చెరిపి మళ్ళీ పెట్టాలి.

టీచరు: మరి లెక్క రాకుండానే అన్ని చుక్కలు పెడుతున్నారా? పేపరు, పెన్సిలు లేకుండా వాకిలంతా గీస్తున్నారు. అదే బొమ్మల పాఠం. పిల్లలకు మీరు నేర్పేది అదే.

పిన్ని: ముగ్గు కూడా చదువేనా అమ్మాయ్?

టీచరు: చదువుకు మొదటి మెట్టు అదే పిన్నీ.

బొమ్మలు గీస్తే చదువు వస్తుందా?

"బడికి పంపింది బొమ్మలు గీయడానికా?" అని కొందరు తండ్రులు అడుగుతారు. వాళ్ళకు ఇలా చెప్పండి.

మీరు మొదటిసారి బలపం పట్టిన రోజు గుర్తుందా? వేళ్ళు నొప్పి పుట్టాయి. గీత వంకర పోయింది. పెద్దవాళ్ళకే అలా ఉంటే ఐదేళ్ళ బిడ్డకు ఎలా ఉంటుంది? చిన్నపిల్లల వేళ్ళకు ఇంకా పట్టు రాదు. మట్టి పిసికితే, కాగితం చించితే, గీతలు గీస్తే ఆ పట్టు వస్తుంది.

మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. సున్నా చక్కగా గీయగలిగిన పిల్ల సున్నా మీద తలకట్టు పెడితే "ర" వస్తుంది. ఆ "ర" మధ్యలో చుక్క పెడితే "ఠ" వస్తుంది. బొమ్మ గీసిన చేయి అక్షరం తొందరగా రాస్తుంది.

ఇంకొక మేలు కూడా ఉంది. బడిలో నోరు విప్పని పిల్లలు కొందరు ఉంటారు. వాళ్ళు గీసిన బొమ్మ చూపించి "ఇదేమిటమ్మా?" అని అడగండి. అప్పుడు మాట్లాడతారు.

పెట్టెలో ఏం ఉండాలి?

ఒక పాత ట్రంకు పెట్టె తీసుకోండి. గట్టి అట్టపెట్టె అయినా సరే. 25 మంది పిల్లలకు సరిపడేలా ఈ వస్తువులు పెట్టండి.

1. కాగితాలు. ఒక పక్క రాసినవి, రెండో పక్క ఖాళీగా ఉన్నవి. పాత క్యాలెండరు వెనక పక్క చాలా బాగుంటుంది. ఒక్కొక్కరికి రెండు చొప్పున 50 కాగితాలు.

2. పాత శుభలేఖలు. వాటి అట్ట గట్టిగా ఉంటుంది. రంగు కాగితం చించి అతికించడానికి కూడా పనికొస్తుంది.

3. పలకలు, బలపాలు, సుద్దముక్కలు.

4. బొగ్గు ముక్కలు. పొయ్యిలో కాలిన సన్నటి పుల్లల బొగ్గు మెత్తగా గీస్తుంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి.

5. ముగ్గు కోసం నూకల పిండి ఒక డబ్బా. రాతి ముగ్గు వద్దు. ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది.

6. రంగు పొడులు. పసుపు, ఎర్రమట్టి, బొగ్గు పొడి. వేరు వేరు డబ్బాలలో పెట్టి, పైన పేరు రాయండి.

7. ఎండిన తుమ్మబంక ఒక పొట్లం.

8. కుంచెలు 25.

9. కొబ్బరి చిప్పలు 10. రంగు కలుపుకోవడానికి.

10. పాత గుడ్డలు, ఒక సబ్బు.

11. పాఠం కార్డులు ఐదు.

12. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను.

చూశారా! వీటిలో చాలావరకు మన ఇళ్ళల్లో ఉన్నవే. కొనాల్సినవి నాలుగైదే.

కత్తెర, బ్లేడు పెట్టెలో పెట్టవద్దు. చిన్నపిల్లలు కాగితాన్ని చేత్తో చించాలి. చించడం కూడా వేళ్ళకు మంచి పనే.

రంగులు మనమే చేసుకుందాం

కొట్లో దొరికే రంగులు బాగుంటాయి. కానీ అన్ని రోజులూ కొనలేం. చిన్నపిల్లలు రంగు చేతిని నోట్లో పెట్టుకుంటారు. అందుకే వంటింట్లో, పెరట్లో దొరికే రంగులు మేలు.

పచ్చ రంగు కావాలంటే వంటకు వాడే పసుపు చాలు.

ఎరుపు కావాలంటే బీట్‌రూట్ తురిమి పిండండి. ఇటుక రంగుకు ఎర్రమట్టి. ఎర్రమట్టిని నీళ్ళల్లో కలిపి, పలచటి గుడ్డలో వడకట్టండి. అడుగున పేరుకున్న మెత్తటి మట్టిని ఎండబెట్టండి.

ఊదా రంగుకు బచ్చలి పండ్లు. బాగా పండిన నల్లటి పండ్లు నలిపితే చిక్కటి రంగు వస్తుంది.

నీలానికి శంఖుపూలు. పది పూలను వేడి నీళ్ళల్లో వేయండి. నీళ్ళు నీలంగా మారతాయి. అందులో నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే ఆ నీలం ఊదాగా మారిపోతుంది. ఇది పిల్లల ముందు చేసి చూపించండి. కళ్ళప్పగించి చూస్తారు.

నారింజ రంగుకు మోదుగ పూలు. తెలంగాణ పల్లెల్లో హోలీకి ఈ పూలనే ఉడకబెట్టి రంగు చేసేవారు. ఎండాకాలం మొదట్లో పూలు ఏరి ఎండబెట్టి దాచుకోవచ్చు.

నలుపుకు బొగ్గు పొడి. కొందరు పాడైన టార్చిలైటు సెల్లు పగలగొట్టి, లోపలి నల్లపొడి వాడతారు. అది మంచిది కాదు. అందులో ఒంటికి చేటు చేసే మందులు ఉంటాయి.

రంగు కాగితానికి పట్టాలంటే బంక కావాలి. రాత్రి రెండు చెంచాల తుమ్మబంకను ఒక గ్లాసు నీళ్ళల్లో నానబెట్టండి. పొద్దున గుడ్డలో వడకట్టండి. ఒక చెంచా రంగు పొడికి ఒక చెంచా బంక నీళ్ళు కలపండి. ఇక రంగు ఎండినా రాలదు.

పూల రంగులు, పండ్ల రంగులు రెండో రోజుకు పులుస్తాయి. వాటిని అప్పటికప్పుడు చేసుకోవాలి. పొడి రంగులు చెమ్మ తగలకపోతే నెలల తరబడి ఉంటాయి. అందుకే పెట్టెలో పొడి రంగులే దాచాలి.

కుంచె, జిగురు

పళ్ళు తోముకొనే వేపపుల్ల చివర నమిలితే ఏమవుతుంది? కుచ్చులా విడిపోతుంది. అదే కుంచె. నమలకుండా రాయితో నలగ్గొట్టండి.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసేవాళ్ళు కూడా వెదురుపుల్లతోనే కలం చేసుకుంటారు. పుల్ల చివర కాస్త పైన గుడ్డ గానీ ఉన్ని గానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కితే రంగు కొద్దికొద్దిగా దిగుతుంది. అలాంటి కలంతోనే చీరల మీద, గుడ్డల మీద పెద్ద పెద్ద కథలు గీస్తారు. మన పెట్టెకూ అలాంటి పుల్లలు నాలుగు చేసుకోవచ్చు.

జిగురుకు మైదా చాలు. నాలుగు చెంచాల మైదాను ఒక గ్లాసు చన్నీళ్ళల్లో ఉండలు లేకుండా కలపండి. సన్నటి మంట మీద పెట్టి తిప్పుతూ ఉండండి. చిక్కబడగానే దించండి. గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల జిగురులో వేయకూడదు. మన జిగురు రెండు రోజులకు మించి దాచకండి.

చింతగింజల జిగురు ఇంకా గట్టిది. గింజలు వేయించి పొట్టు తీసి, రాత్రి నానబెట్టి, రుబ్బి, ఉడికించాలి. కొండపల్లి బొమ్మలు చూశారా? తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతులు, కాళ్ళు వేరుగా చెక్కి అతికిస్తారు. అతికేది దేనితో? చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో. దాన్ని మక్కు అంటారు.

పాఠం కార్డు ఎలా రాయాలి?

ఇది టీచరు చేయాల్సిన పని. కార్డు పెద్ద అక్షరాలతో ఉండాలి. కొత్తగా చదువు నేర్చుకున్న అక్క తడబడకుండా చదవగలగాలి. పెద్ద పెద్ద మాటలు వద్దు. ప్రతి కార్డులో నాలుగు సంగతులు ఉండాలి.

ఏం కావాలి? ఏం చేయాలి? ఏం అడగాలి? చివర ఏం చేయాలి?

కార్డు వెనక ఒక బొమ్మ గీయాలి. చదవడం ఆగిపోతే బొమ్మ చూసి చేయవచ్చు.

కార్డు రాశాక టీచరు ఆ అక్కతోనే ఒకసారి చదివించాలి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ మాట మార్చాలి. ఇక ఐదు కార్డులు చూద్దాం.

కార్డు 1: చుక్కల ముగ్గు

కావాల్సినవి: పలకలు, బలపాలు, నూకల పిండి.

ముందు నేల మీద మీరు ముగ్గు వేసి చూపండి. మధ్యలో 5 చుక్కలు పెట్టండి. దాని పైన సందుల్లో 4, ఆ పైన 3 పెట్టండి. కింద కూడా అలాగే 4, ఆ కింద 3 పెట్టండి. పిల్లలు గట్టిగా లెక్క పెట్టాలి. ఇప్పుడు చుక్కలు కలపండి. తర్వాత పిల్లలు పలక మీద తమ సొంత ముగ్గు వేయాలి.

అడగండి: మొత్తం ఎన్ని చుక్కలు? ముగ్గులో ఏ పువ్వు కనిపిస్తోంది?

మగపిల్లలు "ఇది ఆడవాళ్ళ పని" అంటారు. "లెక్క అందరిదీ, చేయి అందరిదీ" అని చెప్పి కూర్చోబెట్టండి.

కార్డు 2: ఆకు అచ్చు

కావాల్సినవి: కాగితం, బొగ్గు, ఆకులు.

జామ, రావి, మందార ఆకులు తెప్పించండి. ఆకును బోర్లా పెట్టండి. ఈనెలు పైకి ఉండాలి. దాని మీద కాగితం పరచండి. బొగ్గును పడుకోబెట్టి మెల్లగా రుద్దండి. ఆకు బొమ్మ ఈనెలతో సహా కాగితం మీదికి వస్తుంది.

అడగండి: ఏ ఆకు అంచు నున్నగా ఉంది? ఏ ఆకు అంచు రంపంలా ఉంది?

కింద ఆకు పేరు రాయించండి. పేరు రాయలేని బిడ్డకు మొదటి అక్షరం చాలు.

కార్డు 3: మట్టి బొమ్మలు

కావాల్సినవి: బంకమట్టి, గోనెసంచి, బకెట్టు నీళ్ళు.

చెరువు మట్టిని ముందురోజే నానబెట్టండి. రాళ్ళు, గాజుముక్కలు, ముళ్ళు ఏరండి. బాగా పిసికి తడి గోనెసంచిలో చుట్టండి. ఒక్కొక్కరికి రెండు నిమ్మకాయలంత మట్టి ఇవ్వండి.

మూడు పనులు నేర్పండి. గుండ్రంగా చేస్తే ఉండ. పొడుగ్గా చేస్తే పాము. వెడల్పుగా చేస్తే రొట్టె. ఈ మూడు వస్తే ఎద్దు వస్తుంది, బండి వస్తుంది, పొయ్యి వస్తుంది.

చివర పామును వంచి తమ పేరులోని మొదటి అక్షరం చేయాలి. బలపంతో రాయలేని బిడ్డ కూడా మట్టితో అక్షరం చేస్తుంది.

కార్డు 4: చించు, అతికించు

కావాల్సినవి: పాత శుభలేఖలు, రంగు కాగితాలు, మైదా జిగురు.

కాగితం మీద పెద్ద చేప గీసి ఇవ్వండి. పిల్లలు రంగు కాగితాన్ని గోరంత ముక్కలుగా చించాలి. చేప ఒంటి మీద వరసగా అతికించాలి. అవే పొలుసులు. చేప వద్దన్న వాళ్ళు మామిడికాయ చేయవచ్చు.

అడగండి: ఒక వరసలో ఎన్ని ముక్కలు పట్టాయి? ఏ రంగు ఎక్కువ?

కార్డు 5: కథకు బొమ్మ

కావాల్సినవి: కాగితం, బొగ్గు, రంగులు.

మీకు వచ్చిన కథ ఒకటి చెప్పండి. దాహం వేసిన కాకి కథ అయినా సరే. మీ అమ్మమ్మ చెప్పిన కథ అయితే మరీ మంచిది. తర్వాత నలుగురు నలుగురుగా కూర్చోబెట్టండి. ఒకరు కథ మొదలు గీయాలి. ఇద్దరు మధ్య భాగం గీయాలి. ఒకరు చివర గీయాలి. నాలుగు కాగితాలూ ఒకదాని కింద ఒకటి అతికించండి. పొడుగాటి కథ పటం అవుతుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు ఇలాంటి కథ పటాలే గీస్తారు. పొడుగాటి గుడ్డ మీద వరసగా బొమ్మలు ఉంటాయి. కథ చెప్పేవాళ్ళు ఆ గుడ్డను కొంచెం కొంచెంగా విప్పి, బొమ్మ చూపుతూ ఊరూరా కథ చెప్పేవారు. మన పిల్లలు కూడా పటం పట్టుకొని కథ చెప్పాలి.

ఎంతసేపు?

ఒక పాఠం ఇలా నడపండి.

హాజరు, ఒక పాట: 10 నిమిషాలు
మీరు చేసి చూపడం: 10 నిమిషాలు
పిల్లలు చేయడం: 30 నిమిషాలు
చేసింది అందరికీ చూపి చెప్పడం: 10 నిమిషాలు
శుభ్రం చేయడం: 10 నిమిషాలు

శుభ్రం చేయడం కూడా పాఠమే. ఎవరి చిప్ప వాళ్ళు కడగాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ తర్వాతే మధ్యాహ్న భోజనం.

పొద్దున ఒక కార్డు, భోజనం తర్వాత ఒక కార్డు చాలు. మధ్యలో ఆటలు ఆడించండి.

ఇవి మరిచిపోవద్దు

పిల్లల బొమ్మను మీరు దిద్దకండి. కుక్కకు ఐదు కాళ్ళు ఉన్నాయనుకోండి. "తప్పు" అనకండి. "ఇదేమిటి నాన్నా?" అని అడగండి. "ఇది తోక అత్తా" అంటాడు. ఆ కుక్క మీకు తెలియదు, వాడికి తెలుసు.

ఒకరి బొమ్మతో ఇంకొకరి బొమ్మ పోల్చకండి. అందరి బొమ్మలూ దారానికి వేలాడదీయండి.

ఎడమ చేత్తో గీసే బిడ్డను గీయనివ్వండి. చేయి మార్చమని కొట్టకండి.

ఏ బిడ్డనూ కొట్టవద్దు. తిట్టి అవమానించవద్దు. విద్యాహక్కు చట్టంలో ఈ మాట కూడా ఉంది.

గన్నేరు, ఉమ్మెత్త ఆకులు తేనివ్వకండి. అవి విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. గురిగింజలు చూడటానికి ఎర్రగా ముద్దుగా ఉంటాయి. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు కూడా అంతే. లెక్కలకు, బొమ్మలకు వీటిని ఇవ్వకండి.

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుంది. మనకు తెలుసు. కానీ సున్నం కళ్ళను కాలుస్తుంది. బడిలో వద్దు.

చిన్నపిల్లలు గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. కన్నేసి ఉంచండి.

పెట్టె మూత లోపల ఏం రాయాలి?

టీచరు ఒక కాగితం రాసి పెట్టె మూతకు లోపల అతికించాలి. అందులో ఇవి ఉండాలి.

పిల్లల పేర్లు. భోజనం వేళ. ఇంటికి వదిలే వేళ. ఏ బిడ్డకు మూర్ఛ ఉంది, ఎవరికి కళ్ళు సరిగా కనపడవు, ఎవరిని ముందు కూర్చోబెట్టాలి. దెబ్బ తగిలితే ఎవరికి ఫోను చేయాలి. ఏఎన్ఎమ్ నంబరు, హెడ్‌మాస్టరు నంబరు. 108 నంబరు కూడా రాయాలి.

పెట్టె ఎప్పుడూ నిండుగా ఉండాలి. వాడిన వస్తువు వారం లోపల మళ్ళీ పెట్టాలి. టీచరు సెలవు చెప్పి రాదు కదా! జ్వరం వచ్చాక రంగు కలుపుదామంటే కుదరదు. పెట్టె నింపడానికి నెలకు ఒక సాయంత్రం నలుగురు తల్లులు కూర్చుంటే చాలు.

పెట్టె టీచరుకు బదులు కాదు

ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. పెట్టె ఒక రోజుకో, రెండు రోజులకో పనికొస్తుంది. నెలల తరబడి టీచరు లేకుండా బడి నడపడానికి కాదు.

బడిలో కూర్చునే ముందు హెడ్‌మాస్టరుకు చెప్పాలి. బడి కమిటీకి చెప్పాలి. వాళ్ళు ఒప్పుకున్నాకే కూర్చోవాలి. బడిలో ఉన్న టీచరు పక్క గదిలో ఉండాలి.

టీచరు ఎక్కువ రోజులు రాకపోతే కమిటీలో అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అంటే ఆ కమిటీలో మన గొంతు వినిపించాలి. బదులు టీచరును పంపమని మండల విద్యాధికారికి అర్జీ రాయండి. రాయడం ఇప్పుడు మనకు వచ్చు కదా!

సాయంత్రం మూడు మాటలు

పిల్లలు వెళ్ళాక నోటుబుక్కు తెరవండి. మూడు వాక్యాలు రాయండి. తప్పులు పోయినా పరవాలేదు.

ఈ రోజు ఏ కార్డు చేశాం. ఎంతమంది వచ్చారు. ఎవరికి కష్టమైంది, ఎవరు బాగా చేశారు.

టీచరు వచ్చిన రోజు ముందుగా చదివేది ఈ పుస్తకమే. "ఈ బిడ్డ బలపం సరిగా పట్టుకోలేదు" అని మీరు రాస్తే, ఆ బిడ్డ దగ్గర టీచరు కూర్చుంటారు. "ఫలానా పిల్ల రెండు రోజులుగా రాలేదు" అని రాస్తే, టీచరు ఆ ఇంటికి వెళ్ళి అడుగుతారు. పత్తి చేలోకి పోబోయిన పిల్ల మళ్ళీ బడికి రావచ్చు.

మీరు రాసిన వాక్యానికి అంత బలం ఉంది.

కొత్త మాటలు

అచ్చు: ఒకదాని మీద ఒత్తితే పడే బొమ్మ
తుమ్మబంక: తుమ్మచెట్టు నుంచి కారే జిగురు
మక్కు: చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద
నకాషీలు: చేర్యాలలో బొమ్మల పటాలు గీసేవాళ్ళు
అర్జీ: మనకు కావాల్సింది అడుగుతూ రాసే కాగితం

చెప్పండి చూద్దాం

1. పెట్టెలో కత్తెర ఎందుకు పెట్టకూడదు?
2. శంఖుపూల నీళ్ళల్లో నిమ్మరసం వేస్తే ఏమవుతుంది?
3. పిల్లలకు ఇవ్వకూడని ఆకులు, గింజలు ఏవి?
4. బడి కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది ఉండాలి?

లెక్క చేయండి

1. కార్డు 1లో చుక్కలు: 3, 4, 5, 4, 3. మొత్తం ఎన్ని?
2. పాఠానికి పట్టే నిమిషాలు: 10, 10, 30, 10, 10. మొత్తం ఎన్ని?
3. ఒక్కొక్కరికి 2 కాగితాలు. 32 మంది పిల్లలు ఉంటే ఎన్ని కాగితాలు కావాలి?

మీరు చేయండి

నలుగురు అక్కలు కలిసి కూర్చోండి. మీ ఇళ్ళల్లో ఉన్న వస్తువులతో పెట్టెలోకి ఏమేం ఇవ్వగలరో రాయండి. మీకు బాగా వచ్చిన పని ఏమిటి? ముగ్గా, బుట్ట అల్లికా, బొంత కుట్టడమా, గోడకు అలంకారమా? దాన్ని ఆరో కార్డుగా రాయండి. ఐదు వాక్యాలు చాలు. కింద మీ పేరు రాయండి. ఆ కార్డు తీసుకుపోయి మీ ఊరి బడి టీచరుకు ఇవ్వండి.